పసిబిడ్డలకు తేలు కుట్టినపుడు కలుగు అరుదైన ఉపద్రవములు

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



మన మహాసభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. అట్టి సభలో తేలును గూర్చి మాటలాడుటకు మాకు అవకాశ మొసంగిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞులము. కార్యక్రమపత్రమున మా ఉపన్యాస విషయమును చూచి కొందరు మిత్రులు నవ్విరి. "తేలు కుట్టనివా డెవ్వడు? దానికొక ఉపన్యాసమా?" అని మమ్మడిగిరి.

వారి ప్రశ్న న్యాయమైనదే. మెట్టప్రాంతపు గ్రామములలో పుట్టి పెరిగి, తేలుచే కుట్టబడనివారు ఈ సభలో కొలదిమందియే యుందురు. కుట్టినది, ఏడ్చితిమి, ఎవరో మంత్రము వేసిరి, ఎవరో ఉల్లిపాయ రుద్దిరి, తెల్లవారుసరికి తగ్గినది, మరచితిమి. పెద్దవారిలో పెక్కుమందికి జరుగున దింతియే. మేము చెప్పబోవు అపాయమునకు మూల మీ అనుభవమే. మనకు తగ్గినది గావున మన బిడ్డకును తగ్గునని నమ్ముచున్నాము. పెక్కుమంది బిడ్డలకు తగ్గుచున్నది కూడ. తగ్గని ఆ కొలదిమందిని గూర్చియే నేడు మేము మనవి చేయదలచితిమి.

మొదట తేళ్లను గూర్చి రెండు మాటలు. మన దేశమునందు సామాన్యముగా కానవచ్చునవి రెండు తెగలు. ఒకటి నల్లనిది, పెద్దది. దీనిని మండ్రగబ్బ యందుము. దీని ముందరి కొండ్లు లావైనవి. చూచుటకు భయంకరముగా నుండును. కుట్టిన చోట మంట మిక్కుటముగా నుండును గాని, ప్రాణాపాయము బహు అరుదు. రెండవది ఎర్రతేలు. రెండు మూడు అంగుళములకు మించదు. దీని కొండ్లు సన్నము, తోక లావు. చూచుటకు అల్పముగా నుండు నీ ఎర్రతేలే ప్రాణములు తీయునది. కొండ్లు సన్నమై తోక లావైనచో జాగ్రత్తపడవలెనని పిల్లలకు నేర్పినచో చాలును. సుశ్రుతాచార్యులవారు కల్పస్థానమున తేళ్లను మందవిషములు, మధ్యవిషములు, మహావిషములు అని మూడు తరగతులుగా విభజించిరి. అన్ని తేళ్లు నొకటి గావని మన పూర్వులెరుగుదురు; మనము మరచితిమి.

ఇక మా అనుభవమునుండి ఒక విషయమును చెప్పవలసియున్నది. ఇది మాకు గౌరవము కలిగించునది కాదు. అయినను చెప్పకున్న మా ఉపన్యాసమునకు ప్రయోజనము లేదు.

1980వ సంవత్సర ప్రాంతమున, మండువేసవిలో, మేము పల్నాటి సీమయందలి యొక చిన్న ఆసుపత్రిలో క్రొత్తగా పనిచేయుచుంటిమి. ఒకనాటి రాత్రి కొలది నిమిషముల వ్యవధిలో తేలు కుట్టిన పిల్ల లిరువురు వచ్చిరి. మొదటివాడు పదియేండ్ల బాలుడు. వాని కేకలు వీధి చివర వరకు వినవచ్చుచుండెను. బంధువులు పదిమందికి పైగా వానిని చుట్టుకొని, మమ్ము తొందరపెట్టుచుండిరి. రెండవది మూడేండ్ల ఆడుబిడ్డ. తల్లి యొక్కతెయే భుజముపై వేసికొని వచ్చి, గుమ్మముకడ నేలపై కూర్చుండెను. బిడ్డ ఏడ్చుట లేదు. దూరమునుండి చూచి, నిద్రించుచున్నదని మేము తలచితిమి.

ఏడ్చువాని దగ్గరకే పోతిమి. కుట్టిన వ్రేలికి మొద్దుబారు సూదిమందు వేసి, బంధువులను సమాధానపరచి, పేరు ఊరు వ్రాసికొనుసరికి అరగంటకు పైగా గడచెను. అప్పుడు గుమ్మముకడకు పోయి ఆ బిడ్డ చేయి పట్టుకొంటిమి. గోడలు వేడి క్రక్కుచున్న ఆ రాత్రి, ఆ చేయి కుండలోని నీటివలె చల్లగా నుండెను. నుదుటి వెండ్రుకలు చెమటతో తడిసి అంటుకొని యుండెను. నాడి లెక్కింపరానంత వేగముగా నుండెను. రొమ్మున చెవి ఆనించగా గురగుర వినవచ్చెను. ఎంతసేపైనదని తల్లి నడిగితిమి.

"పొద్దుగూకేటప్పుడు కుట్టిందయ్యా. బాగా ఏడ్చింది. మంత్రం వేయించాము. ఏడుపు మానింది. తగ్గిందనే అనుకున్నాము. ఆపైన మూడుసార్లు కక్కింది. ఒళ్లు చల్లబడ్డది. అందుకని తీసుకొచ్చాను" అని ఆమె చెప్పెను.

తెల్లవారకమునుపే ఆ బిడ్డ నోటి వెంట నురుగు వచ్చి ప్రాణము విడిచెను. నాడు మా చేతిలో తగిన మందు లేదు. అరగంట ముందుగా చూచినను రక్షింపగలిగియుందుమని చెప్పజాలము. కాని ఏడ్చువాని దగ్గరకు పోయి, ఏడ్వని దానిని విడిచితిమన్న మాట మాత్రము నిజము. చదువురాని ఆ తల్లియు, చదువుకొన్న మేమును ఒకే తప్పు చేసితిమి. నొప్పియే విషమునకు కొలత యని యిరువురమును నమ్మితిమి. నొప్పి విషమునకు కొలత కాదు. నేటి మా ఉపన్యాసమంతయు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

ఎర్రతేలు విషము దేహమున నేమి చేయునో సులభమైన మాటలలో చెప్పెదము. మన నాడులయందు సోడియమను లవణాంశము లోనికి పోవుటకు సూక్ష్మమైన ద్వారము లున్నవి. ఆ ద్వారములు తెరచుకొనినపుడు నాడి పలుకును, మూసికొనినపుడు ఊరకుండును. తేలు విషము ఆ ద్వారములను మూసికొననీయదు. అందుచే నాడులు ఆపులేక పలుకుచునే యుండును. మన యిచ్ఛతో నిమిత్తము లేక గుండెను, రక్తనాళములను, చెమటను, జీర్ణాశయమును నడపు నాడులపై ఈ దెబ్బ మిక్కిలిగా తగులును. మొదట వాంతులు, చొంగ కారుట, ఒడలంతయు చెమట. మగపిల్లలయందు మూత్రావయవము బిగిసియుండుటయు నొక గురుతు. తల్లులు సిగ్గుచే దీనిని వైద్యునితో చెప్పరు, చెప్పవలెను.

అటుపిమ్మట రెండవ దశ. రక్తనాళము లన్నియు బిగిసికొనును. చేతులు కాళ్లు చల్లబడును. రక్తపుపోటు హెచ్చును. బిగిసిన నాళములలోనికి రక్తమును నెట్టలేక గుండె అలసిపోవును. అప్పుడు నీరు ఊపిరితిత్తులలో నిండును. దగ్గు, ఆయాసము, గులాబిరంగు నురుగు కనిపించును. ఇది సామాన్యముగా మొదటి కొలది గంటలలో జరుగును; ఒకానొకప్పుడు మరునాటికిని జరుగవచ్చును.

కుట్టిన చోట భరింపరాని మంట యుండి, తక్కిన దేహము వెచ్చగా నుండు రోగులలో పెక్కుమంది క్షేమముగా నుందురు. విషము దేహమంతట వ్యాపించినవారికి కుట్టినచోట నొప్పి స్వల్పముగా నుండుటయు, ఒకప్పుడు లేకయే యుండుటయు వైద్యులు గమనించియున్నారు. "తేలు కుట్టిన దొంగ" యను నానుడి మనకున్నది. దొంగ పట్టుబడుదునను భయముచే నోరు మెదపడు. పసిబిడ్డ నోరు మెదపకున్నచో, నొప్పి తగ్గుటచే గావచ్చును, శక్తి నశించుటచే గావచ్చును. ఏది నిజమో ఏడుపు చెప్పదు. చేయి పట్టి చూచినచో తెలియును.

పిల్లలయందే ఈ యపాయ మేల యెక్కువ? తేలు మనిషిని చూచి విషమును కొలిచి పోయదు. డెబ్బది కిలోల రైతునకు ఎంత విషము ఎక్కునో, పది కిలోల బిడ్డకును అంతే యెక్కవచ్చును. ఆ బిడ్డ రక్తమున అది ఏడురెట్లు చిక్కనగును. పైగా పసిబిడ్డ తనను తేలు కుట్టినదని చెప్పలేదు. ఉయ్యాలలోని బిడ్డ హఠాత్తుగా కెవ్వుమని యేడ్చి, వాంతి చేసికొని, చెమటలు పట్టినచో, దిష్టి యనుకొనక ముందు పక్కబట్టలు దులిపి చూడవలెను.

ఇక అరుదైన ఉపద్రవములు. గుండెకును ఊపిరితిత్తులకును కలుగు బాధను ఇదివరకే చెప్పితిమి. ఎర్రతేలు గల ప్రాంతములలో అది అంత అరుదైనదియు గాదు. అంతకంటె అరుదైనవి నాలుగు గలవు.

మొదటిది మెదడునకు కలుగునది. రక్తపుపోటు ఒక్కుమ్మడిగా హెచ్చుటచే మెదడులో రక్తము చిమ్మవచ్చును. లేక నాళము మూసికొనిపోవచ్చును. బిడ్డకు మూర్ఛలు వచ్చును; ఒక ప్రక్క చేయి కాలు పడిపోవును; మాట పోవును. పక్షవాతము ముసలివారి రోగమని మన నమ్మకము. తేలు కుట్టిన మరునాడు ఎడమచేతితో బొమ్మను పట్టుకొనలేని బిడ్డను మేము చూచితిమి. ఆ పిల్లవాడు కొన్ని నెలలకు కోలుకొనెను, అందరును కోలుకొనరు.

రెండవది రక్తమునకు కలుగునది. రక్తనాళములలోపలనే రక్తము అక్కడక్కడ గడ్డకట్టుటచే, గడ్డకట్టించు పదార్థము లన్నియు ఖర్చయి, చిగుళ్లనుండియు సూది గ్రుచ్చిన చోటులనుండియు నెత్తురు ఆగక కారును. 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో మన తెలుగు వైద్యులే కొందరు తేలువిషముచే రక్తమునందు గడ్డకట్టు శక్తి నశించుటను గూర్చి వ్రాసి ప్రకటించిరి. ఇది మనవారు లోకమునకు చెప్పిన విషయము. మన గ్రామములకు మాత్ర మింకను చేరలేదు.

మూడవది క్లోమమునకు కలుగు వాపు. అదే 1970లో వెస్టిండీసునందలి ట్రినిడాడ్ ద్వీపమునుండి, అచ్చటి తేలు కుట్టినవారిలో పెక్కుమందికి క్లోమము వాచినట్లు వైద్యులు తెలిపిరి. అది వేరొక జాతి తేలు. మన ఎర్రతేలుచే ఇది అరుదు. అయినను తేలు కుట్టిన బిడ్డ కడుపు పట్టుకొని మెలికలు తిరుగుచు, వాంతులు మానకున్నచో, తిన్నది సరిపడలేదని తలచి ఊరకుండరాదు.

నాలుగవది మూత్రపిండములకు కలుగునది. పారశీకదేశమున ఖూజెస్తాన్ అను ప్రాంతమున నొక తేలు గలదు. అది కుట్టినపుడు నొప్పియే తెలియదు. తరువాత రక్తకణములు పగిలి, మూత్రము ఎర్రబడి, మూత్రపిండములు చెడును. అందును పసివారే యెక్కువగా బలియగుదురు. ఆ తేలు మన దేశమున లేదు గదా యని మీ రనవచ్చును. నొప్పి లేకయే ప్రాణము తీయు తేలు ఒకటి లోకమున నున్నదని తెలిసిన తరువాత, నొప్పిని నమ్మి నిద్రించు తల్లి యుండదు గదా యని దానిని గూర్చి చెప్పితిమి. మన దేశమునందును వాంతులచే, చెమటచే నీరెల్ల పోయిన బిడ్డకు మూత్రము తగ్గుట కలదు. ఆ సంగతిని వైద్యునితో చెప్పవలెను.

సోదరులారా! ఇంతవరకు భయపెట్టు మాటలే చెప్పితిమి. ఇక ధైర్యము గొలుపు మాటను చెప్పెదము.

మహారాష్ట్రదేశమున రాయగఢ్ జిల్లాలో మహాడ్ అను చిన్న పట్టణము గలదు. ఆ ప్రాంతపు గ్రామములలో డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ అను వైద్యుడు 1976 నుండి ఎర్రతేలు కుట్టినవారిని చూచుచు వచ్చెను. పెద్ద ఆసుపత్రి లేదు. గొప్ప యంత్రములు లేవు. రాత్రులు రోగుల ప్రక్కనే కూర్చుండి, ఏ గంటకు ఏ లక్షణము పుట్టుచున్నదో వ్రాసికొనెను. 1982లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో తన పరిశీలనలను ప్రకటించెను. చల్లని చేతులు, చెమట, వాంతులు — ఇవి రాబోవు గుండె ఉపద్రవమునకు ముందుగురుతు లని లోకమునకు చెప్పెను. అటుపిమ్మట రక్తపుపోటునకు వాడు ప్రాజోసిన్ అను చిన్న మాత్రను వాడి చూచెను. విషముచే బిగిసిన రక్తనాళములను ఆ మాత్ర సడలించును. అలసిన గుండెకు విశ్రాంతి చిక్కును. 1986లో ఆయనయు, వైద్యురాలగు ఆయన సతీమణి ప్రమోదినియు ఈ ఫలితములను ప్రకటించిరి. ఈ మందు రాకమునుపు, విషము దేహమంతట వ్యాపించి ఊపిరితిత్తులలో నీరు చేరినవారిలో నూటికి 25 నుండి 30 మంది వరకు మరణించుచుండిరి. వచ్చిన తరువాత నూటికి ఒక్కరికంటె తక్కువయ్యెనని ఆ వైద్యులు వ్రాసిరి. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదు నొసంగెను.

ఎర్రతేలు విషమునకు విరుగుడైన యాంటీవీనమ్ సూదిమందును మన దేశమున తయారగుచున్నది. 2011లో ఆ దంపతులే 70 మంది రోగులను రెండు సగములు చేసి, ఒక సగమునకు ప్రాజోసిన్ మాత్రమును, రెండవ సగమునకు ప్రాజోసిన్‌తో పాటు యాంటీవీనమ్‌ను ఇచ్చి చూచిరి. రెండును పొందినవారు సగటున 10 గంటలలోను, మాత్ర మాత్రమే పొందినవారు 17.7 గంటలలోను కోలుకొనిరి. మాత్ర యొక్కటియు ప్రాణమును నిలుపును; రెండును కూడినచో త్వరగా నయమగును. అయితే రెండింటికిని కాలమే ముఖ్యము. ఊపిరితిత్తులు నిండిన తరువాత ఇచ్చుటకంటె, చేతులు చల్లబడిన క్షణముననే ఇచ్చుట మేలు.

ఈ మాత్రను కొని ఇంటిలో నుంచుకొని మీరే ఇచ్చుకొనుడని మేము చెప్పుట లేదు. పిల్లవాని బరువును బట్టి, కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున వైద్యుడు కొలిచి యీయవలెను. పది కిలోల బిడ్డకు అది ఒక మిల్లీగ్రాము మాత్రలో మూడవవంతునకు కొంచెము తక్కువయే. మూడు గంటల తరువాత చూచి మరల ఈయవలసియుండును. ఈ మందు పడిన బిడ్డను పడుకొననీయవలెను. ముద్దు చేయుటకై నిలువునా ఎత్తుకొన్నచో రక్తపుపోటు పడిపోయి సొమ్మసిల్లవచ్చును. ఈ జాగ్రత్తను తల్లులు తప్పక జ్ఞాపకముంచుకొనవలెను.

మాకు మరియొక బిడ్డ జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. మొదటి బిడ్డను పోగొట్టుకొన్న పండ్రెండేండ్లకు, నాలుగేండ్ల బాలుని వాని నాయనమ్మ తీసికొని వచ్చెను. కందికట్టె మోపు దగ్గర ఆడుకొనుచుండగా కుట్టినది. ఆమెయు మంత్రము వేయించినది. కాని మంత్రము వేయుచున్నంతసేపును మనుమని పాదములను తన అరచేతులలో పట్టుకొని యుండెను. పాదములు చల్లబడగానే, మంత్రము పూర్తికాకమునుపే, లేచి బండి కట్టించెను. గంటలోపల మాకడకు వచ్చెను. మాత్ర నిచ్చి, రాత్రియంతయు ప్రక్కనే కూర్చుంటిమి. వేకువ ఝామునకు పాదములు వెచ్చబడెను. మరునాటి మధ్యాహ్నమునకు వాడు మజ్జిగన్నము కావలెనని పేచీ పెట్టి బిగ్గరగా నేడ్చెను. ఆ యేడుపు విని వార్డులోని వారందరును నవ్విరి.

మొదటి బిడ్డకును ఈ బిడ్డకును నడుమ రెండే భేదములు. ఒకటి మందు. రెండవది ఆ నాయనమ్మ అరచేతులు. మందు నేడు దేశమున నున్నది. ఆ అరచేతుల జ్ఞానమునే మన మింటింటికి పంచవలసియున్నది.

మంత్రమును గూర్చి ఒక్క మాట. మన బంధువర్గములో తేలుమంత్రము తెలిసిన పెద్దలు పలువురున్నారు. పైకము పుచ్చుకొనక, అర్ధరాత్రి లేపినను విసుగుకొనక, కులభేద మెంచక మంత్రము వేయు ఆ పెద్దల దయాగుణమునకు మేము నమస్కరించుచున్నాము. వారిని పరిహసించుట మా యుద్దేశము గాదు. మంత్రము వేసినను వేయకున్నను పెక్కు తేలుకాట్లు ఒక దినములో తగ్గిపోవును. ఆ కీర్తి మంత్రమునకు చెందుచున్నది. అంతవరకు నష్టము లేదు. మంత్రమునకై ఎదురుచూచిన గంటలే నష్టము. కావున ఆ పెద్దలకు మా విన్నపము: మంత్రము వేయుచు బిడ్డ చేయి పట్టుకొనుడు. చేయి చల్లనైనను, చెమట పట్టినను, రెండవసారి వాంతియైనను, మంత్రమును ఆపి బిడ్డను ఆసుపత్రికి పంపుడు. మీ మాటయనిన ఊరంతయు వినును. వైద్యుడు చెప్పినచో విననివారు మీరు చెప్పినచో విందురు. మీరు పంపిన బిడ్డ బ్రతికినచో ఆ పుణ్యము మీదే.

ఇంటిలో చేయవలసిన దేమి? కుట్టిన చోటును సబ్బునీటితో కడుగుడు. చల్లని తడిగుడ్డ వేయుడు. కత్తితో గాటు పెట్టరాదు. నోటితో పీల్చరాదు. త్రాటితో బిగించి కట్టరాదు. ఆకుపసరులు, నాటుమందులు త్రాగింపరాదు. బిడ్డను పడుకొనబెట్టి ధైర్యము చెప్పుడు. తేలు చచ్చినచో దానిని డబ్బాలో వేసి తీసికొనిపోవచ్చును. దానిని వెదకుటకై కాలము పోగొట్టరాదు. ఎర్రతేలు తిరుగు ప్రాంతములలో, పసిబిడ్డను తేలు కుట్టినపుడు, లక్షణములు కనిపించువరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, ఒక దినము వైద్యుని కంటియెదుట నుంచుట మేలు. 108 సంఖ్యకు టెలిఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. 2005లో మన రాష్ట్రమున ప్రారంభింపబడిన ఈ సహాయము నేడు రెండు తెలుగు రాష్ట్రములందును నడచుచున్నది.

రాకుండ చేసికొనుటయు మనచేతిలోనే యున్నది. పిల్లలను నేలపై గాక మంచముపై పరుండబెట్టుడు. మంచమును గోడకు దూరముగా లాగుడు. చెప్పులను, బూట్లను, చొక్కాలను దులిపి తొడుగుడు. పిడకలు, కట్టెలు, నాపరాళ్లు, పెంకులు ఇంటిగోడను ఆనుకొని పేర్చరాదు. గోడల బీటలను పూడ్చుడు. రాత్రివేళ లాంతరో టార్చియో లేక పెరటిలోనికి పోరాదు. అతినీలలోహిత కిరణముల టార్చివెలుగులో తేలు ఆకుపచ్చగా మెరయును. ఆ టార్చి యొకటి ఊరికి చాలును.

తుదకు ఈ మహాసభకు మా ప్రార్థనలు మూడు. వీనికి పెద్ద విరాళము లక్కరలేదు.

మొదటిది. "ఏడుపు మానిన బిడ్డ చేయి పట్టి చూడుడు" అను శీర్షికతో, చల్లని చేతులు, చెమట, వాంతులు, చొంగ, ఆయాసము అను ఐదు గురుతులను అచ్చొత్తించి, వసతిగృహములందును, బడులందును, గ్రామ శాఖల కార్యాలయములందును అంటింపవలెను.

రెండవది. ప్రతి గ్రామ శాఖయు వేసవికి ముందే తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ప్రాజోసిన్ మాత్ర యున్నదా, యాంటీవీనమ్ ఉన్నదా, లేకున్న ఏ ఊరి ఆసుపత్రిలో నున్నదని మర్యాదగా అడిగి, ఆ జవాబును గోడపై వ్రాసియుంచవలెను. అర్ధరాత్రి బిడ్డను భుజముపై వేసికొన్న తల్లి ఎటు పోవలెనో పగలే నిర్ణయమై యుండవలెను.

మూడవది. తేలుమంత్రము వేయు పెద్దలను రాబోవు జిల్లా సభలకు గౌరవముతో ఆహ్వానించి, తాంబూలమిచ్చి, ఈ మాటను వారి చెవిని వేయవలెను. ఆ పనికి పిలిచినచో మేము సొంత ఖర్చుతో వచ్చెదము.

లోకమున ప్రతి సంవత్సరము 12 లక్షలకు పైగా మనుష్యులను తేళ్లు కుట్టుచున్నవనియు, 3,250 మందికి పైగా మరణించుచున్నారనియు 2008లో పండితులు అంచనా వేసిరి. అందు పసివారి మరణములే హెచ్చు. లక్షలతో పోల్చినచో వేలు కొలదియే. అందుచే వైద్యులు వీనిని అరుదైన ఉపద్రవములని వ్రాయుదురు. మేమును అట్లే వ్రాసితిమి. కాని గుమ్మముకడ కూర్చున్న ఆ తల్లికి ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆమెకు అది అరుదు కాదు.

 మీ బిడ్డలు చిరంజీవులగుదురు గాక!